పాత మియాటాకి కొత్త సీట్లు: ముందు బెల్టు సంగతి చూడు

తమ్ముడూ, నువ్వడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. న్యూజెర్సీలో ఉంటావు, 1992 మాజ్డా మియాటా (గుడ్డ టాపుండే రెండు సీట్ల చిన్న కారు) కొన్నావు, మనిషివి ఆరడుగుల ఒక అంగుళం. కుషన్ కుంగిపోయి నడుం పట్టేస్తోంది, అయినా టాపు వేస్తే తల గుడ్డకి రాసుకుంటోంది. ఆన్‌లైన్లో జత రెండొందల డాలర్లకి బకెట్ సీట్లు (ఎత్తు అంచులతో ఒంటిని రెండువైపులా పట్టి ఉంచేవి), 'అన్ని కార్లకీ సరిపోయే' స్లైడర్లు (సీటుని ముందుకీ వెనక్కీ జరిపే పట్టాలు), వాటితోపాటు ఎర్రటి నాలుగు పట్టీల హార్నెస్, అంటే రేసు బెల్టు, చూశావు. ఫ్లోరుకి నాలుగు బెజ్జాలు వేసి బిగించేస్తే ఒక శనివారంలో పనైపోతుందా అన్నావు.

అవదు. అయినా అవకూడదు కూడా.

పదిహేడేళ్ల కిందట ఇదే తరం కారు కొన్న కొత్తలో నేను చేసింది అక్షరం పొల్లుపోకుండా నీ ప్లానే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. బిగించిన మూడో వారం, సిగ్నల్ దగ్గర ముందు ట్రక్కు ఠక్కున ఆగింది, నేనూ బ్రేకు తొక్కాను. సీటు ఎడమవైపు ఉన్నచోటే ఉంది, కుడివైపు ముందుకి జారింది. సీటు మూలవాటుగా మెలిక తిరిగి, నా మోకాలు వెళ్లి స్టీరింగ్ కింద ఇరుక్కుంది. ట్రక్కుకి జానెడు దూరంలో ఆగాను. ఇంటికొచ్చి విప్పి చూస్తే ఆ స్లైడర్‌కి లాకు ఒక్కవైపే ఉంది. రెండోవైపుది వట్టి పట్టా, జారడమే దాని పని. అమ్మినవాడిని అడిగితే 'షోలో పెట్టే కార్లకి సార్ అవి' అన్నాడు. పెట్టె మీద ఆ ముక్క ఎక్కడా లేదు.

మియాటాలో సీటంటే కుర్చీ ఒక్కటే కాదు, బెల్టులో సగం. మాట వరసకి అనడం లేదు. కారులో కూర్చుని కుడిచెయ్యి కిందకి పోనిచ్చి బకిల్, అంటే బెల్టు కొస దూర్చే కొక్కెం, పట్టుకుని చూడు. అది ఫ్లోరుకి లేదు, రెండు సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్‌కీ లేదు, సీటు చట్రానికే బోల్టేసి ఉంది. సీటుతోపాటే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. గుద్దుకున్నప్పుడు నీ బరువు లాగే లాగుడులో పెద్దవాటా ఆ బకిల్ మీద పడుతుంది, అక్కణ్నుంచి సీటు కింది రెయిలుకి, రెయిలు నుంచి నాలుగు బోల్టులకి, బోల్టుల నుంచి ఫ్లోరుకి. సీటు మార్చావంటే ఆ గొలుసులో మూడు లింకులు నీ చేత్తో మార్చినట్టు. వాటిలో ఏది నాసిరకమైతే నీ బెల్టు అంతే గట్టిది.

సరే, ముందు డబ్బు ఖర్చు కాని దారి చెప్తాను, ఎందుకంటే నీ సమస్యలో సగం దానితోనే తీరిపోవచ్చు.

ఒరిజినల్ సీటు కింది కుషన్‌లో ఫోమ్ మందంగా ఉంటుంది. పొడుగు మనుషులంతా చేసే పని దాన్ని అడుగువైపు నుంచి కోసి పల్చన చెయ్యడం. సీటు బయటికి తీసి తిరగేసి, కవరుని పట్టి ఉంచే ఇనప రింగుల్ని కటింగ్ ప్లయర్‌తో తెంపు (మళ్లీ బిగించడానికి కొత్త రింగులూ, వాటికని ఉండే ప్లయరూ ముందే తెప్పించుకో). ఫోమ్ దిమ్మ ఊడొస్తుంది. పిర్రలు ఆనే చోట మాత్రమే కొయ్యాలి, తొడల కింద ముందు అంచు ముట్టుకోకు. ఆ అంచు తగ్గిస్తే గంట ప్రయాణానికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పై ముఖం చెక్కుచెదరకూడదు, కోతంతా అడుగునే. ఒక్కసారి అరంగుళం తియ్యి, కవరు ఊరికే తొడిగి కార్లో పెట్టి కూర్చో, మళ్లీ తియ్యి. అంగుళం నుంచి అంగుళంన్నర దాకా హాయిగా దిగొచ్చు. దురాశకి పోయి ఇంకా తీస్తే చట్రం ఇనుము తగులుతుంది, మొదటి గుంతలోనే తెలుస్తుంది ఆ సంగతి. కొయ్యడానికి రొట్టె కోసే పళ్ల కత్తి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మా ఇంట్లో ఆ కత్తి ఇప్పుడు గ్యారేజీలో ఉంటుంది, వంటింట్లోకి రానివ్వరు.

ఇక్కడ ఒక మాట. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య లారీ సీటు చేయించడానికి వెళ్తే వెంట వెళ్లేవాణ్ని. సీటు పనివాడు ముందు డ్రైవర్ని కూర్చోమనేవాడు, దిగమనేవాడు, కుషన్ మీద పడ్డ గుంట చూసి సుద్దముక్కతో గీత గీసేవాడు. కొబ్బరి పీచు ఎక్కడ కుక్కాలో, స్పాంజి ఎక్కడ తియ్యాలో ఆ గీత చెప్పేది. కేటలాగు చూసి సీటు చేసినవాణ్ని నేనక్కడ చూడలేదు. నువ్వూ అదే చెయ్యి: అరగంట నడిపి వచ్చి, దిగి, గుంట ఎక్కడుందో చూడు. నీ నడుం నొప్పికి కారణం ఎత్తు కాకపోవచ్చు, ముప్పై ఏళ్లకి ఒకవైపే చచ్చుబడిన ఫోమ్ కావచ్చు. అలా అయితే పాతది పల్చగా కోసి, పైన అరంగుళం గట్టి రకం ఫోమ్ పొర వేస్తే ఎత్తూ తగ్గుతుంది, నడుమూ నిలబడుతుంది.

ఇది చేశాక కూడా తల తగులుతుంటే, లేదా నువ్వు రేసు ట్రాక్ మీదకి వెళ్లే ఆలోచనలో ఉంటే, అప్పుడు బకెట్ సీటు. తప్పేం లేదు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో ఈ కారుని మొదటిసారి చూపించారు. దాన్ని తయారుచేసిన జట్టుకి పెద్దగా ఉన్న తొషిహికో హిరాయ్ ముందు నుంచీ పట్టుకున్న జపనీస్ మాట 'జిన్‌బా ఇత్తాయ్', అంటే గుర్రమూ రౌతూ ఒక్కటవడం. రౌతుకి గుర్రం తెలిసేది జీను మీదే కదా. మంచి బకెట్ సీటు వేశాక వెనక చక్రం జారడం మొదలెట్టిన క్షణం నడుముకి తెలుస్తుంది, కళ్లకి తర్వాత తెలుస్తుంది. ఆ సరదా నిజమే, కాదనను.

కానీ ఈ కారు లోపల ఎంత ఇరుకో చూశావుగా. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2,265 మిల్లీమీటర్లే. ఒకవైపు టన్నెల్, ఇంకోవైపు తలుపు, సీటుకి మిగిలేది 20 అంగుళాలకి అటూ ఇటూ. అందుకే కొనేముందు మూడు కొలతలు తియ్యి: టన్నెల్ నుంచి తలుపు గడప దాకా తుంటి ఎత్తులో, అదే వెడల్పు భుజాల ఎత్తులో తలుపు మూసి, ఇంకా ఫ్లోరు నుంచి టాపు గుడ్డ దాకా నీ తల ఉండే చోట. తలుపు మూసి కొలవడం మర్చిపోతారు చాలామంది. సీటు బ్రహ్మాండంగా కూర్చుంటుంది, తలుపు పడదు. అట్టపెట్టె కోసి సీటు భుజాల ఆకారం తయారుచేసి లోపల పెట్టి చూస్తే పావుగంట పని, తిరిగి పంపించే ఖర్చు మిగులుతుంది. అమ్మేవాళ్లు ఇచ్చే 'వెడల్పు' ఒక్కోసారి కూర్చునే చోటిది, బయటి అంచులది కాదు. రెండూ అడుగు.

వెనక్కి వాలే బకెట్టా, వాలని ముక్కా? నీ ఎత్తుకి వాలనిదే మంచిది. వాల్చే మీట, దాని మెకానిజం వెడల్పు తింటాయి, కింద ఎత్తూ తింటాయి. మియాటాలో వెనక గోడ దగ్గరే కాబట్టి ఎలాగూ పెద్దగా వాల్చలేవు. రెండో తరం మియాటా సీట్లు దొరికితే వేద్దామా అని కూడా అడిగావు. వాటితో నీ తల సమస్య తీరదు. 2006 మోడల్ నుంచి వచ్చిన మూడో తరం సీట్ల జోలికి అసలు పోవద్దు, వాటి పక్కల్లో ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. నీ 1992 కారుకి ఎయిర్‌బ్యాగ్ స్టీరింగ్‌లో ఒక్కటే, సీటులో ఏమీ లేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నీ పని తేలిక.

పాతకాలం రోడ్‌స్టర్‌లా కనిపించాలని వీపు సగం దాకా ఉండే సీట్లు కూడా అమ్ముతారు. ఫొటోలో ముచ్చటగా ఉంటాయి. వద్దు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ కొరడాలా వెనక్కి విరుచుకుంటుంది, ఆపడానికి ఏమీ ఉండదు. అమెరికాలో 1969 నుంచి ముందు సీట్లకి తల ఆనే దిండు తప్పనిసరి చేసింది ఇందుకే. దిండు పై అంచు నీ నడినెత్తి కంటే మూడున్నర అంగుళాలకి మించి కిందకి ఉండకూడదు, తలకీ దానికీ ఎడం 4 అంగుళాలు దాటకూడదు. బకెట్ సీటులో కూర్చుని పక్కనుంచి ఫొటో తీయించుకుంటే ఇట్టే తెలుస్తుంది.

రెండొందల డాలర్ల జత గురించి మొహమాటం లేకుండా చెప్తాను. అందులో చాలావరకు పేరున్న సీట్ల ఆకారం చూసి పోసిన ఫైబర్ డొల్లలు. మంచి సీటులో భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పితే డొల్ల కిర్రుమనదు. నకిలీది కిర్రుమంటుంది, బోల్టులు పట్టే పక్క రంధ్రాల దగ్గర లోపల లోహపు ఇన్సర్ట్ ఉండదు. రేసుకి ఆమోదం పొందిన సీటుకి వెనకవైపు ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్‌.ఐ.ఏ. చీటీ ఉంటుంది, 8855-1999 అనో 8862-2009 అనో ప్రమాణం సంఖ్యా, తయారైన నెలా సంవత్సరమూ ఉంటాయి. మొదటి రకానికి రేసు నిబంధనల ప్రకారం గడువు తయారైననాటి నుంచి 5 ఏళ్లే. గడువు దాటిన మంచి సీటు సగం ధరకి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. రోడ్డు మీద నడిపేవాడికి, ఎప్పుడూ దెబ్బ తినలేదని నమ్మకం ఉంటే, కొత్త నకిలీ కంటే అదే మేలు. నా రెండు సీట్లూ అలా కొన్నవే.

ఇక పాత సీటు విప్పడం. బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంటుంది, నెగటివ్ తీసేయి. సీటుకి నాలుగు బోల్టులు, 14 మిల్లీమీటర్ల సాకెట్. సీటు వెనక్కి జరిపి ముందు రెండూ, ముందుకి జరిపి వెనక రెండూ. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టు. బిగుసుకుపోయిన బోల్టుని పెద్ద రాడ్డు వేసి తిప్పేస్తే ఫ్లోరు అడుగున వెల్డు చేసిన నట్టు ఊడి బోల్టుతోపాటు తిరుగుతుంది, అప్పుడు నీ శనివారం కాస్తా నెలరోజులవుతుంది. కొంచెం విప్పు, కొంచెం బిగించు, మళ్లీ విప్పు. సీటు ఎత్తేముందు కింద వైర్ల కనెక్టర్లు ఊడదియ్యి: డ్రైవరు బకిల్‌కి హెచ్చరిక దీపం వైరు, దిండులో స్పీకర్లున్న కారైతే వాటి వైర్లు.

సీటు తీశాక వెంటనే కొత్తది పెట్టెయ్యకు. నిజమైన పని ఇక్కడే ఉంది. కార్పెట్ మీద అరచెయ్యి గట్టిగా నొక్కి చూడు. మియాటా టాపు మీద పడ్డ వాన వెనక రెండు మూలల్లో ఉన్న గొట్టాల ద్వారా తలుపు వెనక నుంచి కిందకి దిగిపోవాలి. ఆ గొట్టాలు ఆకులూ చెత్తా పట్టి పూడుకుపోతే నీళ్లు లోపలికి పొర్లి, సీటు వెనక నుంచి కార్పెట్ కిందకి చేరతాయి. పైన పొడిగా ఉంటుంది, అడుగున మందపాటి దూది నెలల తరబడి నానుతూ ఉంటుంది. నేను రెండోసారి సీట్లు తీసినప్పుడు కార్పెట్ ఎత్తితే నాచు వాసన గుప్పుమంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే వెనక బోల్టు పక్కన ఇనుము చపాతీలా పొరలు పొరలుగా లేచొచ్చింది. ఆ బోల్టు మీదే అన్నాళ్లూ కూర్చుని డెబ్బై మైళ్ల వేగంతో తిరిగాను. నీది 1992 కాబట్టి ఇంకోటి కూడా చూడు: 1990 నుంచి 93 దాకా వచ్చిన కార్లలో ఇంజిన్ కంప్యూటర్ ప్యాసింజరు కాళ్ల దగ్గర, కార్పెట్ అడుగునే ఉంటుంది. నీళ్లు అటు పారితే సీటు ఖర్చు చిన్నదనిపిస్తుంది.

గొట్టాల్లో నీళ్లు పోసి, కారు కింద రెండువైపులా ధారగా వస్తున్నాయో లేదో చూడు. రాకపోతే మెత్తటి ప్లాస్టిక్ తీగతో నెమ్మదిగా పొడువు, కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే గొట్టం కీలు దగ్గర ఊడిపోతుంది. తుప్పు కనిపిస్తే అక్కడితో ఆగు. వెల్డింగ్ అయ్యాకే సీటు.

బిగింపుకి వద్దాం. ఫ్లోరుకి కొత్త బెజ్జాలు వెయ్యకు. కంపెనీ నాలుగు చోట్లు ఇచ్చింది, వాటి అడుగున బలమైన ఇనుము ఉంది. ఆ నాలుగింటికే సరిపడేలా, ఈ కారు కోసమే చేసిన బ్రాకెట్లు దొరుకుతాయి, వాటికి సీటు కంటే ఎక్కువ పెట్టినా నేను తప్పు పట్టను. మామూలు చోట ఫ్లోరు రేకు మిల్లీమీటరు మందమే ఉంటుంది, గుండ్రటి వాషర్ వేసి బోల్టు బిగిస్తే గుద్దుకున్నప్పుడు గుండీ చొక్కా నుంచి ఊడినట్టు ఊడొస్తుంది. రేసు కార్లకి ఎఫ్‌.ఐ.ఏ. రాసిన కనీస లెక్క చూస్తే తేడా తెలుస్తుంది: బోల్టు 8 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, ఫ్లోరు అడుగున వేసే పలక ఉక్కుదైతే 3 మిల్లీమీటర్లు, అల్యూమినియం రకమైతే 5, ఒక్కో చోట ఆనే వైశాల్యం కనీసం 40 చదరపు సెంటీమీటర్లు. అంటే అగ్గిపెట్టె కంటే పెద్ద పలక. బోల్టు తల మీద బలం తెలిపే 8.8 గానీ 10.9 గానీ అచ్చు ఉండాలి. ఏ అంకెలూ లేని నున్నటి తల బోల్టులు స్లైడర్లతోపాటు సంచిలో వస్తాయి, వాటిని బొమ్మలు తగిలించుకోవడానికి దాచుకో.

స్లైడర్ వాడితే రెండువైపులా లాకు పడేదే కొను. బిగించాక సీటు ఒక్కో నాచ్‌లో పెట్టి, రెండువైపులా ఒకేసారి 'టక్' మంటోందో లేదో విను. ఒకవైపు ముందు, ఇంకోవైపు తర్వాత పడితే రెయిళ్లు సమాంతరంగా లేవన్నమాట. బోల్టులు నాలుగూ ముందు చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కించు, సీటుని ముందుకీ వెనక్కీ రెండుసార్లు జరిపి రెయిళ్లని వాటంతట అవి సర్దుకోనివ్వు, ఆ తర్వాతే ఎంత బిగువో చూపించే టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో చెప్పినంత బిగించు. నువ్వొక్కడివే నడిపే కారైతే, నా సలహా, స్లైడర్ మానేయి. సీటుని నీకు సరిపోయేచోట నేరుగా బ్రాకెట్‌కి బిగించుకుంటే అంగుళం ఎత్తు కలిసొస్తుంది, విరగడానికి ఒక వస్తువు తగ్గుతుంది. కాకపోతే ఇంట్లో ఇంకెవరైనా నడుపుతారంటే ఈ సలహా చెల్లదు, ఇంట్లో గొడవకి నా పేరు చెప్పకు.

ఎత్తు తగ్గించేటప్పుడు గుర్తుంచుకో, ఈ కారు స్టీరింగ్ పైకీ కిందకీ జరగదు. సీటు దిగితే తొడకీ స్టీరింగ్‌కీ మధ్య ఖాళీ పెరుగుతుంది, అద్దం పై చట్రం కింద నుంచి సిగ్నల్ దీపం కూడా కనిపిస్తుంది, మెడ వంచక్కర్లేదు. మరీ దిగితే మాత్రం చేతులు భుజాల కంటే పైకి వెళ్తాయి, గంటలో భుజాలు లాగేస్తాయి.

ఇప్పుడు బకిల్. పాత సీటు నుంచి విప్పి కొత్త బ్రాకెట్‌కో రెయిలుకో బిగించాలి, దానికోసమే చేసిన చెవి ఉన్న బ్రాకెట్ కొనాలి. పాత బోల్టు, పాత వాషర్ల వరస అలాగే వాడు. బకిల్ తన ఇరుసు మీద వేలితో తోస్తే కదలాలి, బిర్రబిగుసుకుపోకూడదు. తర్వాత కూర్చుని బెల్టు పెట్టుకుని కిందకి చూడు. నేను రెండోసారి కొన్న సీటుకి పక్క దిండ్లు ఎత్తుగా ఉండేవి, నడుం పట్టీ వాటి మీద నుంచి వంతెనలా పోయి పొట్ట మీద పడింది. పట్టీకీ తుంటికీ మధ్య నాలుగు వేళ్లు దూరాయి. పట్టీ తుంటి ఎముకల మీద ఆనాలి. పొట్ట మీదుంటే గుద్దుకున్నప్పుడు ఎముక కాదు, పేగులు ఆపుతాయి నిన్ను. పక్కల్లో నడుం పట్టీ దూరడానికి రంధ్రాలున్న సీటులోంచి బకిల్ సరైన కోణంలో వచ్చేలా చూసుకో, లేదా పక్కలు తక్కువ ఎత్తున్న సీటు తీసుకో. ఆ సీటు నేను నెలలోపే అమ్మేశాను, కొన్నవాడికి కారణం చెప్పే అమ్మాను.

ఎర్ర హార్నెస్ మాత్రం వద్దు, రోడ్డు కారుకి కంపెనీ ఇచ్చిన, మూడు చోట్ల కట్టుండే బెల్టే సరైనది. నాలుగు పట్టీలదానికి తొడల మధ్య పట్టీ ఉండదు, భుజం పట్టీలు బిగిసినప్పుడు నడుం పట్టీని పైకి లాగుతాయి, మనిషి కింద నుంచి జారిపోతాడు. భుజం పట్టీలు భుజం ఎత్తు నుంచి 20 డిగ్రీలకి మించి కిందకి వాలకూడదు. వెనక ఫ్లోరుకి కట్టేస్తే వెన్నెముకని కిందకి నొక్కేస్తాయి. అన్నింటికంటే ముఖ్యం, నీ కారుకి రోల్ బార్ (బోల్తా పడితే తలని కాపాడే, సీట్ల వెనక ఇనప కమ్మీ) లేదు. బోల్తా పడితే మూడు చోట్ల బెల్టులో శరీరం పక్కకి వంగగలదు, హార్నెస్ నిన్ను నిటారుగా పట్టుకుంటుంది, కారులో అన్నింటికంటే ఎత్తైన వస్తువు నీ తలే అవుతుంది. ట్రాక్‌కి వెళ్లాలనుకుంటే ముందు రోల్ బార్, దాని తర్వాత హార్నెస్. అక్కడ చీపురుకర్ర పరీక్ష పెడతారు: రోల్ బార్ పైనుంచి ముందు అద్దం చట్రం పైకి కర్ర ఆనించి, హెల్మెట్ దానికి రెండంగుళాలు కిందుందా అని చూస్తారు. నీ ఎత్తుకి కంపెనీ సీటులో అది దాటడం కష్టం, వాలని బకెట్ నేల మీదకి దించి బిగిస్తే దాటొచ్చు. కొనేముందే ఇంట్లో కర్ర పెట్టి చూసుకో.

అన్నీ అయ్యాక తలుపు వేసి, సీటు పై అంచు రెండు చేతులతో పట్టుకుని బలమంతా పెట్టి ఊపు. సీటు కాదు, కారు ఊగాలి. ఖాళీ రోడ్డు మీద ముప్పై మైళ్ల వేగంలో రెండుసార్లు గట్టిగా బ్రేకు వెయ్యి. వంద మైళ్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ టార్క్ చూడు, మొదటిసారి నా బోల్టుల్లో రెండు, పావు చుట్టు చొప్పున తిరిగాయి. పాత సీట్లు అమ్మెయ్యకు. గుడ్డ కప్పి అటక మీద పెట్టుకో, కారు అమ్మే రోజున కొనేవాడు అడిగేది వాటినే.

ముందు ఫోమ్ కోసి చూడు. అది చాలకపోతే ఆ మూడు కొలతలూ, కార్పెట్ అడుగు ఫొటో ఒకటీ పంపు, ఏ వెడల్పు సీటు వెతకాలో చెప్తాను.